టోపీకి చుక్కాని

కిర్రు... కిర్రు...

సరుగుడు తోపు దాటకముందే ఆ చప్పుడు పూర్ణిమ చెవిన పడింది. రేకు మీద రేకు ఒరుసుకునే చప్పుడు. గాలి ఆగితే ఆగి, గాలి సాగితే సాగే చప్పుడు. గుడివాడ నుంచి పామర్రు మీదుగా అవనిగడ్డకు బస్సులో, అక్కణ్ణుంచి దివిసీమ చివరనున్న ఈ పల్లెకు ఆటోలో వస్తూ దారి పొడవునా ఆమె కూడగట్టుకున్న మాటలన్నీ ఆ చప్పుడుకు చెదిరిపోయాయి.

తోపు దాటాక ఒక ఇంటి ముందు పెట్టె కనిపించింది. పైన అద్దం, లోపల వలతో అల్లిన తట్టలు, పక్కన గాలి పీల్చే నోరు. ఎండ వేడితో చేపల్ని ఎండబెట్టే ఆ పెట్టె విశ్వవిద్యాలయంలో ఆమె నాలుగేళ్ళ పరిశోధన. అక్కడ మేడ మీద అది చక్కగా పనిచేసింది. ఇక్కడ మాత్రం మధ్యాహ్నపు సముద్రపు గాలి తేమను మోసుకొచ్చి ఆ నోట్లో పోసేది. సాయంత్రానికి చేపలు చెమర్చేవి, మర్నాటికి బూజు పట్టేవి. మూడు నెలలు ఆమె లెక్కలు మార్చింది. బూజు మారలేదు.

అప్పుడు ఈ ఇంటి యజమాని, వేటపడవ నడిపే మనిషి, ఒకనాడు నూనె డబ్బా కోసి ఆ నోటికొక టోపీ చేశాడు. టోపీ వెనుక రేకుముక్కతో, పడవకున్నట్టే, చుక్కాని తగిలించాడు.

"గాలికెదురుగా నోరు తెరుస్తారా అమ్మా ఎవరైనా? వీపు పెట్టాలి గానీ!" అని నవ్వాడు.

గాలి ఎటు తిరిగితే టోపీ అటు వీపు తిప్పింది. చేపలు ఎండాయి. బందరు వ్యాపారి ఒక చేపను విరిచి చూసి, మారుమాట లేకుండా సరుకంతా తీసుకున్నాడు. సిద్ధాంత గ్రంథంలో పూర్ణిమ దాన్ని ఒక్క వాక్యంలో రాసింది: "స్థానికంగా ఒక చిన్న మార్పు చేయడమైనది."

నిరుడు, కృష్ణ సముద్రంలో కలిసేచోట పడవ తిరగబడి, ఆయన పోయాడు.

నిన్న గుడివాడలో, గోవర్ధనరావు గారి బియ్యం మిల్లు ఆఫీసులో, పేటెంటు దరఖాస్తు బల్ల మీద ఉంది. పూర్ణిమ పెట్టబోయే కంపెనీకి పెట్టుబడి ఆయనది. ఆవిష్కర్తల గడిలో రెండు పేర్లు: ఆమెకు పరిశోధన నేర్పిన ఆచార్య మధుసూదనరావు, ఆమె. సంతకం పెట్టబోతూ ఆగింది.

"మూడో పేరుందండీ. ఆ టోపీ లేకపోతే పెట్టె లేదు."

"మా మిల్లు మోటారు బాగుచేసినవాడి పేరు బియ్యం బస్తా మీద వేస్తామా అమ్మా?" అన్నాడు గోవర్ధనరావు.

ఆచార్యులు గొంతు తగ్గించారు. "పోయిన మనిషమ్మా. వారసులంటారు, సంతకాలంటారు. సోమవారానికల్లా దరఖాస్తు వెయ్యాలంటున్నారు వీరు. అది దాటితే ఉంటారో, తప్పుకుంటారో. ఇంతకీ ఆయన పేరేమిటి?"

పూర్ణిమ నోరు తెరిచింది. ఆ పేరు ఆమెకు తెలియదు. మూడేళ్ళు ఆయన్ని బాబాయి అంది, ఆయన భార్యను పిన్ని అంది. ఆ పిలుపులు ఎంత దగ్గరవంటే, పేరు అడగవలసిన అవసరమే ఏనాడూ రాలేదు.

"భలే మూడో పేరు!" అని గోవర్ధనరావు నవ్వాడు.

ఇప్పుడు పిన్ని తట్టలో చేపలు తిరగేస్తోంది. పక్కింటి రాజకుమారి వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తోంది.

"ఎండన పడి వచ్చావు, ముందు మంచినీళ్ళు తాగమ్మా," అంది పిన్ని.

పూర్ణిమ గ్లాసు అందుకోలేదు. జరిగిందంతా, తాను రాసిన ఆ ఒక్క వాక్యంతో సహా, చెప్పింది.

"మూడేళ్ళు మా పులుసులు తిన్నారు. ఆయన పేరు కనుక్కోలేదా అమ్మాయి గారూ? ఇంత చదువూ దేనికండీ?" అంది రాజకుమారి.

"అదే అడుగుతున్నాను నన్ను నేను." పూర్ణిమ తల వంచుకుంది. "మీ పేరు కూడా నాకు తెలియదు పిన్నీ."

"బుల్లెమ్మ," అంది ఆమె తేలిగ్గా. ఆ తర్వాత ఆగిపోయింది.

మొగుడి పేరు పెళ్ళాం పలికితే ఆయనకు ఆయుక్షీణమని ఆ పల్లెలో పట్టింపు. రేషన్ కార్డు రాసిన రోజునా, ఓట్ల వాళ్ళొచ్చిన రోజునా, చివరికి శవానికి పంచనామా రాసిన రోజునా, ఆ పేరు పక్కనుంచి ఇంకెవరో చెప్పారు. ఇప్పుడూ అలవాటుగా రాజకుమారి చెప్పబోయింది.

"ఉండవే," అంది బుల్లెమ్మ. పూర్ణిమ వైపు తిరిగింది. "ఈ పేరు రాస్తే ఆ మిల్లాయన పోతాడేమో గదమ్మా?"

"పోవచ్చు."

"పోతే నీ కంపెనీ?"

"ఇంకొకరి గుమ్మం ఎక్కుతాను. ఎవరూ రాకపోతే లేదు. ఈ పేరు లేకుండా మాత్రం సంతకం పెట్టను పిన్నీ."

బుల్లెమ్మ లేచి, చేతులు కడుక్కుని, కొంగుతో వేలువేలూ తుడుచుకుంది.

"ఆయన ఆయుస్సు కోసం నలభయ్యేళ్ళు నోరు కట్టుకున్నాను. ఇంక తగ్గటానికేం మిగిలింది? రాయమ్మా."

పూర్ణిమ కాగితం మోకాలి మీద పెట్టుకుని కలం మూత తీసింది. బుల్లెమ్మ పెదవులు కదిలి ఆగాయి. రాజకుమారి వల వదిలేసి నిలబడింది. రెండోసారి, కొత్త పెళ్ళికూతురిలా తల దించుకుని, అయినా పక్క వాకిళ్ళకు వినబడేంత గట్టిగా, బుల్లెమ్మ పలికింది:

"పోతురాజు."