ఒంటినిండా ప్లాస్టర్లు

నేను ఒక ప్రశ్నల పుస్తకాన్ని. పరాయి దేశంలో నర్సు ఉద్యోగం చేయాలంటే రాయాల్సిన లైసెన్సు పరీక్ష కోసం పుట్టినదాన్ని. నాలో రెండు వేల నాలుగు వందల ప్రశ్నలున్నాయి. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు, వాటిలో మూడు తప్పు. అంటే నా కడుపులో అచ్చంగా ఏడు వేల రెండు వందల అబద్ధాలున్నాయన్నమాట. అయినా నన్ను కళ్ళకద్దుకుని తెరిచినవాళ్ళే గానీ విసిరికొట్టినవాళ్ళు లేరు. మనుషుల్లో ఇన్ని అబద్ధాలున్నవాళ్ళకి ఆ మర్యాద దొరుకుతుందో లేదో నాకు తెలీదు.

అచ్చుయంత్రంలోంచి బయటికొచ్చినప్పుడు నేను తెల్లగా, బిగుతుగా, కాస్త గర్వంగా ఉండేదాన్ని. హైదరాబాదు కోఠీలో ఒక కొట్టువాడు నన్ను అద్దాల వెనక నిలబెట్టాడు. షైనీ అనే మలయాళీ నర్సమ్మ నన్ను కొనుక్కుంది. ఆ పిల్లకి చదువంటే ప్రాణం, ఎర్ర ఇంకు పెన్ను అంటే అంతకన్నా ప్రాణం. చదివిన ప్రతి ప్రశ్నకీ సరైన జవాబు అక్షరం చుట్టూ ఒక ఎర్ర సున్న చుట్టేది. ఆర్నెల్లలో నాకు ఒంటినిండా అమ్మవారు పోసినట్టయింది. తను పరీక్ష పాసై వెళ్ళిపోతూ నన్ను తెచ్చి కోఠీలోనే పాత పుస్తకాల బండివాడికి అమ్మేసింది. ఈసారి అద్దాలూ లేవు, నీడా లేదు.

అక్కడ నన్ను చూసి ఎగిరి గంతేసిన మనిషి తానేటి దీవెన. ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సు. అమీర్‌పేటలో కోచింగు కోసం సెలవు పెట్టి వచ్చింది.

"జవాబులన్నీ గుర్తులు పెట్టేసున్నాయి. సగం పని అయిపోయినట్టే," అని మురిసిపోయింది. ఆ మాట విని నేనూ మురిశాను. ఇద్దరం ఎంత అమాయకులమో తర్వాత తెలిసింది.

దీవెన భర్త ప్రభుదాసు గల్ఫ్‌లో ఎలక్ట్రీషియను. నాలుగేళ్ళుగా వాళ్ళ కాపురమంతా వీడియో కాల్లోనే. అన్నం తింటూ ఫోన్ని ఉప్పు డబ్బాకి ఆనించి పెడితే అటు అతను తినేవాడు, ఇటు ఈమె తినేది. మధ్యలో వాళ్ళ నాలుగేళ్ళ పాప తండ్రి నోటికి ముద్ద అందిద్దామని ఫోను తెరకి పప్పు పూసేది. అతనుండే ఊళ్ళోనే ఒక ఆసుపత్రి దీవెనకి ఉద్యోగం ఇస్తామంది, లైసెన్సు పరీక్ష పాసైతేనే. పరీక్షకి మూడే అవకాశాలు. మూడూ పోతే ఆ ఆసుపత్రి ఆశ వదులుకోవాల్సిందే.

మొదటి అవకాశం అమీర్‌పేటకి అర్పణమైంది. ఆ హాల్లో రెండొందల మంది, ఒక మైకు, ఒక సారు. "ఇది గ్యారంటీ క్వశ్చనమ్మా, రాసుకోండి," అని రోజుకి నలభైసార్లు అనేవారాయన. అన్నీ గ్యారంటీలే అయినప్పుడు ఏది గ్యారంటీ అని అడగడానికి నాకు నోరు లేకపోయింది. దీవెన మాత్రం గదికి వచ్చి నన్ను బట్టీ పట్టింది. నిజంగా బట్టీయే. 'ఆరు వందల పన్నెండు, డి. ఆరు వందల పదమూడు, ఎ,' అంటూ ఎర్ర సున్నల్ని నెంబర్లతో సహా అప్పజెప్పేది. పరీక్షలో ప్రశ్నలకి నా నెంబర్లు లేవు. జవాబుల వరస వేరు. రోగులూ వేరే. తప్పింది.

రెండో అవకాశానికి, ఏలూరు తిరిగొచ్చి డ్యూటీ చేసుకుంటూనే ఫోన్లో కోర్సు. వీడియోలని రెట్టింపు వేగంతో పెట్టుకుని వంట చేసుకుంటూ వినేది. అందులో పాఠం చెప్పే మేడం గారు తిరగమోత చిటపటల మధ్య కోయిలలా గబగబా కూసేవారు. ఒక్కో పాఠం అవగానే ఆకుపచ్చ టిక్కు పడేది. తొంభై ఆరు శాతం పూర్తయిందని ఫోను ఆమెని పొగిడింది. పూర్తయినవి వీడియోలే గానీ చదువు కాదని ఫోనుకేం తెలుసు? మళ్ళీ తప్పింది. ఆ రోజు దీవెన ఏడవలేదు. ఉప్పు డబ్బా ముందు కూర్చుని, "ఈసారి కూడా కాలేదండి," అని మాత్రం అంది. అటువైపు ప్రభుదాసు, "పోన్లే, నేనెక్కడికి పోతాను," అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇక మూడోదే ఉంది. 'పాసయ్యేదాకా పాఠాలు' అనే ఇంకో కోర్సు ప్రకటన చూసి దీవెన పేరు నమోదు చేసుకోబోతుండగా, వార్డు హెడ్ సిస్టరు మార్తమ్మ అడ్డుపడింది. మార్తమ్మది ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. వచ్చే ఏడు రిటైర్మెంటు. నోరు పెద్దది, చెయ్యి మెత్తన.

"నీకు చదువు రాక కాదే పిల్లా. ఆ పుస్తకంలో జవాబులు ముందే కనపడతన్నాయి. జవాబు కనపడతంటే బుర్రెందుకు పని చేస్తాది?" అంది.

దీవెన నా పేజీలు గబగబా తిప్పి చూసింది. తర్వాత డ్రెస్సింగు ట్రేలోంచి తెల్ల ప్లాస్టర్ చుట్ట తీసింది. చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఎర్ర సున్న దేనికుందో తెలియకుండా ప్రతి ప్రశ్నకీ ఎ నుంచి డి దాకా నాలుగు అక్షరాల మీదా కలిపి ఒక ముక్క, పేజీ అడుగునున్న జవాబుల మీద ఒక ముక్క అతికించడం మొదలెట్టింది. నర్సుకి గానీ ఇలాంటి ఆలోచన రాదు. కానీ జవాబు సరిచూసుకుందామని మొదటి ముక్క లాగేసరికి దానితోపాటు నా అచ్చు కూడా ఊడొచ్చింది. ప్రాణం పోయిందనుకున్నాను.

"ముసలోళ్ళ చర్మానికి ఎట్టా వేస్తావు? ముందు చీరకి ఒకసారి అద్దు, జిగట తగ్గుద్ది. అప్పుడు వెయ్యి. ఇదీ ముసలిదే కదా," అంది మార్తమ్మ.

అలా ఒక్కో ముక్కనీ యూనిఫాంకి అద్ది నాకు వేసింది. వారంలో నేను రెండింతలు లావయ్యాను. మూత పడదు. వార్డులో నాకన్నా ఎక్కువ కట్లున్న రోగి లేడు.

రోజూ మధ్యాహ్నం రోగులు కునుకు తీసే వేళ నేను డ్యూటీ బల్ల మీద తెరుచుకునేదాన్ని. మొదటి వంద ప్రశ్నల్లో అరవై తప్పులు. ఆ తప్పులన్నీ దాదాపు ఒకే తప్పు. రోగికి ఆయాసం వస్తే నర్సు మొదట ఏం చేయాలి? డాక్టరుకి చెప్పాలి. సెలైను ఎక్కడం ఆగితే? డాక్టరుకి చెప్పాలి. దీవెన తప్పేం లేదు. ఆ ఆసుపత్రి అలవాటే అది. ఏం జరిగినా ముందు ఫోన్ ఎత్తి కింద ఓపీలో ఉన్న డ్యూటీ డాక్టరుని పిలవాలి, లేకపోతే చీవాట్లు. పదేళ్ళుగా ఆమె చెయ్యి ఫోను వైపుకే పోవడం నేర్చుకుంది. ఆరు వందల పన్నెండో ప్రశ్నకీ అంతే. ఆపరేషన్ అయిన రోగి పొట్ట నొప్పి అంటూ దొర్లుతున్నాడు, నర్సు మొదట ఏం చేయాలి? ఇదివరకు నిద్రలో లేపినా 'డి' అని చెప్పిన మనిషి, ఇప్పుడు అక్షరాలు కనపడకపోయేసరికి డాక్టరుకి ఫోన్ చేయాలని గీత పెట్టింది.

రెండు రోజుల తర్వాత ఆరో నెంబరు మంచం మీద గంధం సూరిబాబు గారు కేకలు మొదలెట్టారు. ప్రోస్టేటు ఆపరేషన్ అయి ఒక రోజు అయింది.

"సచ్చిపోతన్నానండి బాబోయ్! పొట్ట పగిలిపోతంది! ఎవరన్నా రండే!"

దీవెన చెయ్యి ఫోను మీద పడింది. మార్తమ్మ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"ముందు మనిషిని చూడవే. తర్వాత ఫోన్ చూద్దువు గాని."

దీవెన వెళ్ళింది. దుప్పటి తీసింది. యూరిన్ సంచీ ఖాళీగా వేలాడుతోంది. గొట్టం ఆయన తొడ కింద పడి మెలిక తిరిగి ఉంది. నెమ్మదిగా కాలు ఎత్తి, మెలిక విప్పి, గొట్టం సరిచేసింది. సంచీ నిండసాగింది. సూరిబాబు గారి మొహం అయితే చూడాలి, పెళ్ళికొడుకులా వెలిగిపోయింది.

"అమ్మయ్య! నా తల్లే! నీ కడుపు సల్లగుండ! పెద్ద డాక్టరువి నువ్వేనమ్మా!"

దీవెన అక్కణ్ణించి పరుగున వచ్చి నన్ను తెరిచింది. ఆరు వందల పన్నెండు. ప్లాస్టర్ ఎత్తి చూసింది. 'డి: మూత్రపు గొట్టం మెలిక పడిందేమో చూడాలి.' ఎన్ని వందలసార్లు అప్పజెప్పిన 'డి' అది! దాని అర్థం ఇవాళ తెలిసింది. ఆమె పకపకా నవ్వింది. ఏడాదిలో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి, నాకు కట్లన్నీ తెంచుకుని ఎగరాలనిపించింది.

ఆ రోజు నుంచి చదువు తీరే మారిపోయింది. రోజుకి ఇరవై ప్రశ్నలే. ఒక్కో ప్రశ్ననీ వార్డులో ఒక మంచం మీద పడుకోబెట్టేది. ఇది నాలుగో నెంబరు మామ్మగారు, ఇది తలుపు పక్క లారీ డ్రైవరు. వాళ్ళకి నేనైతే ఏం చేస్తాను, ఎందుకు చేస్తాను అని మార్తమ్మకి తెలుగులో చెప్పాలి. ఎందుకో చెప్పలేకపోతే జవాబు సరైనదైనా లెక్కలోకి రాదు. చాన్నాళ్ళుగా ఆ మంచం వదలని నాలుగో నెంబరు మామ్మగారు కూడా మెలకువగా ఉన్నప్పుడు న్యాయం చెప్పేది, "ముందు బీపీ చూడమ్మా, నాకు తల తిరుగుతాంది," అని. చాలాసార్లు ఆవిడ చెప్పిందే కరెక్టయ్యేది.

పరీక్షకి విజయవాడ వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళింది. లోపలికి రానివ్వరు కాబట్టి లాకర్లో పెట్టి తాళం వేశారు. ఆ చీకట్లో మూడు గంటలు నేను నా ఏడు వేల రెండు వందల అబద్ధాల్నీ తిట్టుకుంటూ కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున డ్యూటీలో ఉండగా ఫలితం వచ్చింది. దీవెన ఫోను బోర్లించి నా మీదే పెట్టి ఉంచింది. నా అట్ట మీద అది గుర్రుమంది. రెండు వేల నాలుగు వందల జవాబులు తెలిసిన నాకు, నెత్తి మీద పడుకున్న ఆ ఒక్క జవాబు తెలియలేదు. సరిగ్గా అప్పుడే నాలుగో నెంబరు మామ్మగారు మంచం దిగబోయి తూలింది. దీవెన ఫోను చప్పుడు విన్నది. విన్నదని నాకు తెలుసు, భుజం ఒక్కసారి బిగుసుకుంది. అయినా తిరిగి చూడలేదు. పరుగున వెళ్ళి మామ్మగారిని పట్టుకుని పడుకోబెట్టి, నాడి చూస్తూ గోడ గడియారం వైపు చూపు నిలిపింది.

ముందు మనిషిని చూడమని చెప్పిన మార్తమ్మ మాత్రం ఆగలేకపోయింది. బల్ల దగ్గరికి వచ్చి, ఇటు చూసి, అటు చూసి, లటుక్కున ఫోను తిప్పేసింది.

"పాసయ్యావే దీవెనా! పాసయ్యావే పిల్లా!"

వార్డంతా చప్పట్లు. మళ్ళీ వచ్చి చేరిన సూరిబాబు గారి సంచీ కూడా ఊగింది. దీవెన మాత్రం నాడి లెక్క పూర్తయ్యేదాకా చెయ్యి వదల్లేదు. "డెబ్భై రెండు," అంది గట్టిగా, కన్నీళ్ళు బొటబొటా కారుతుండగా.

దీవెన పాపతో సహా వెళ్ళిపోయి ఇప్పటికి నాలుగు నెలలు. పెట్టెలో నా బరువుకి చోటు లేక నన్ను మార్తమ్మకి ఇచ్చి వెళ్ళింది. మార్తమ్మ ఏ దేశమూ పోదు. తను పాసయ్యేదో లేదో తెలుసుకోవాలని మాత్రం చచ్చేంత కుతూహలం. రోజూ భోజనం కాగానే కళ్ళజోడు పెట్టుకుని పెన్సిలుతో జవాబులు గీస్తుంది. తప్పయితే నన్నే తిడుతుంది. "ఇది రాసినోడు ఒక్కరోజన్నా డ్యూటీ చేశాడా అసలు?"

నిన్న ఆరు వందల పన్నెండు దగ్గరికి వచ్చింది. జవాబు గీసి, ప్లాస్టర్ ఎత్తబోయి ఆగిపోయింది. అక్కడ పాత ముక్క లేదు, కొత్త ముక్క ఉంది. దాని మీద దీవెన చేతిరాత.

'ముందు మనిషి, తర్వాత ఫోన్. మీకు తప్ప, సిస్టర్.'

మార్తమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తర్వాత ఆ ముక్కని, ముసలివాళ్ళ చర్మం మీంచి తీసినట్టు, మెల్లగా, నాకు నొప్పి తెలియకుండా తీసింది. దాన్ని తన డ్యూటీ కోటుకి గుండెల మీద, పేరు బిళ్ళ పక్కనే అతికించుకుని, ఆరో నెంబరు మంచాన్ని చూడడానికి లేచింది.