షుమాన్ బొమ్మల ముందు డప్పుల మేళం

షుమాన్ వేసే బొమ్మల్లో పిల్లలు చచ్చినా నవ్వరు. బయట తాళం పెట్టిన గదిలో, తలుపుకేసి చూస్తూ కళ్లనిండా నీళ్లతో కూర్చుంటారు. ఆ పిల్లలంతా చిన్నప్పటి తనేనని లోకానికి తెలియదు గానీ, కూతుర్ని అలా గదిలో పెట్టి బట్టల మిల్లుకు పోయిన అమ్మ ఇట్టే పోల్చుకుంటుంది. కన్నకూతురే తనను ఊరందరి ముందూ దోషిని చేసిందని కుమిలిపోతే? నలభై ఐదేళ్లొచ్చినా షుమాన్‌కు ఆ భయం పోలేదు. అందుకే చైనాలోని చోంగ్‌చింగ్ నగరంలో తన బొమ్మల ప్రదర్శన మొదలవుతున్న సంగతి అమ్మ దగ్గర దాచింది.

పక్కింటి పాంగ్ అత్త ఫోన్లో చూసి ఆవిడకు చెప్పేసింది. అమ్మకు తెలిసిన ప్రారంభాలన్నీ దుకాణాలవే. నూడుల్స్ కొట్టు తెరిచినా, మంగలి షాపు తెరిచినా పిలిచేది నడుముకు డప్పులు కట్టుకుని వాయించే ఆవిడ జట్టునే. సొంత కూతురు ఏదో తెరుస్తుంటే డప్పు మోగకపోతే ఎలా?

శనివారం పొద్దున ప్రదర్శనశాలలో పెద్దమనుషులు గొంతు తగ్గించి ఒంటరితనం గురించి మాట్లాడుకుంటున్నారు. అంతలో అమ్మతో సహా పన్నెండు మంది పెద్దావిడలు ఎర్రబట్టల్లో, బుగ్గలకు రంగేసుకుని, దబదబా వాయించుకుంటూ దిగారు. ఒక విమర్శకుడి చొక్కా మీద టీ ఒలికింది. అడ్డం పోబోయిన కాపలావాడు తనకు తెలియకుండానే తలాడించడం మొదలుపెట్టాడు. పాంగ్ అత్త ఏడుస్తున్న పిల్ల పక్కన రెండు వేళ్లు చూపించి ఫోటో దిగింది. స్తంభం చాటున షుమాన్‌కు సిగ్గూ భయమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అన్నిటికంటే పెద్ద బొమ్మ ముందు అమ్మ డప్పు ఆగిపోయింది. షుమాన్ పరుగున వెళ్లి, అది నేను కాదు, ఊరికే ఊహించి వేశానని ఏదేదో సర్దిచెప్పబోయింది.

"సగమే వేశావేమే," అంది అమ్మ. "తలుపుకి అవతల నేనున్నాగా. నీ ఏడుపు ఆగేదాకా చెవి ఆనించి నిలబడేదాన్ని. ఆలస్యమైందని మిల్లులో రోజూ చివాట్లే."

ఇన్నేళ్లూ షుమాన్ ఆ తలుపు అవతల ఎవరూ లేరనుకునే వేసింది. అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

"మేమందరం అలా నిలబడ్డవాళ్లమే," అంది పాంగ్ అత్త. "వేస్తే అందర్నీ వెయ్యి. నన్ను మాత్రం కాస్త సన్నంగా వెయ్యమ్మా."

పన్నెండు మందీ ఒకరినొకరు తోసుకుంటూ, కిసకిసలాడుతూ గోడకు చెవులు ఆనించారు. అతిథుల సంతకాల కోసం పెట్టిన కుంచే కాగితమూ అందుకుని, షుమాన్ అమ్మ బొమ్మతో మొదలుపెట్టింది.

"ఏడుపు ఆగిందా?" అమ్మ కదలకుండానే అడిగింది.

"ఇంకా లేదు. అక్కడే ఉండు," అంది షుమాన్.