చెయ్యి వదిలిన నడక

నేను ఒక ట్రెడ్‌మిల్‌ని. మనుషులు నా మీద ఎంత దూరం నడిచినా ఎక్కిన చోటే దిగుతారు. అయినా ఆ నడక కోసమే నన్ను కొనుక్కుంటారు. నేను పుట్టిన ఫ్యాక్టరీలో ఇనుప చట్రానికి మోటారు బిగించి, నల్లటి బెల్టు చుట్టి, పట్టుకోవడానికి రెండు కమ్మీలు అమర్చారు. చివర్లో ఒకామె నా మీదకెక్కి కాసేపు నడిచి, బాగుందన్నట్టు తల ఊపి దిగిపోయింది. బతుకంతా ఇలాగే అడుగుల చప్పుడుతో గడిచిపోతుందనుకున్నాను.

విశాఖపట్నం సీతమ్మధారలో ఉమాపతి గారింటికి చేరాను. ఆయన కరెంటాఫీసులో ఉద్యోగి. షుగరు వచ్చిందని డాక్టరు రోజూ నడవమన్నాడు. నడవడానికి ఇంటి ఎదురుగా పార్కుంది, కాస్త దూరం వెళితే సముద్రమే ఉంది. అయినా ఆయన నన్ను తెచ్చుకుని, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కొత్త బూట్లు కొన్నారు. కొన్నాళ్ళు ఎంత ఉత్సాహంగా నడిచారంటే, ఇంటికొచ్చిన చుట్టాలను కూడా కాఫీ ఇవ్వకముందే నా మీదకు ఎక్కించేవారు. తర్వాత మోకాలి నొప్పన్నారు. తర్వాత ఆఫీసులో ఆడిట్ అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

ఒకరోజు ఆయన భార్య హైమవతి గారు నా కమ్మీ మీద తడి తువ్వాలు ఆరేశారు. మర్నాడు ఒక చీర. వానాకాలం ముగిసేసరికి, ఆ బట్టల కింద నేనున్నానన్న సంగతే ఇంట్లో అందరూ మరిచిపోయారు. నాకు కోపం రాలేదు. బట్టలు మొయ్యడమూ ఒక పనే. కాకపోతే బట్టలకు కాళ్ళుండవు.

ఇంతలో వాళ్ళు చిన్న ఫ్లాటుకి మారాల్సి వచ్చింది.

"ఏవండీ, దీన్ని అక్కడెక్కడ పెడతాం? నా నెత్తి మీదా?" అన్నారు హైమవతి గారు.

"రేపట్నించి మళ్ళీ నడుస్తానే," అన్నారాయన.

ఆవిడ ఆ రేపటి మీద ఆశ పెట్టుకోలేదు. బట్టలన్నీ తీసేసి, నన్ను తుడిచి, ఫోటో తీసి, అక్కర్లేని సామాన్లు ఊరికే ఇచ్చే ఫేస్‌బుక్ గ్రూపులో పెట్టారు. ముక్కూమొహం తెలియని ఊరంతా నా గురించి అడగడం మొదలుపెట్టింది. ఒకాయన నన్ను మూడో అంతస్తుకి ఎక్కించి ఇస్తారా అన్నాడు. ఇంకొకరు నాతోపాటు ఫ్రిజ్ కూడా ఇస్తారా అని అడిగారు. వాటి మధ్య ఒక వాయిస్ మెసేజ్‌లో ఓ అమ్మాయి గొంతు వినిపించింది.

"నమస్తే అండీ. నా పేరు నాగలత. గోపాలపట్నంలో ఉంటాం. నాకు పుట్టుకతోనే చూపు లేదండీ. నడవాలనుంది. ఆ మిషను నాకిస్తారా?"

హైమవతి గారు ఆ మాటలు ఉమాపతి గారికీ వినిపించారు. "చూపులేని పిల్ల దీని మీద ఎలా నడుస్తుందండీ? పడిందంటే ఆ పాపం మనదే."

"ముందు రమ్మను. వచ్చాక చూద్దాం," అన్నారు ఉమాపతి గారు.

ఆదివారం నాగలత వాళ్ళన్నయ్య తాతారావుతో వచ్చింది. అతను వెల్డింగు షాపులో పనిచేస్తాడు. చూపులేని పిల్లల బడిలో చదివే రోజుల్లో ఆమె పరుగు పందేల్లో పరిగెత్తేదట. ఇప్పుడొక ఆఫీసులో ఫోన్లు అందుకునే ఉద్యోగం. ఆ మధ్య రోడ్డు మీద బైకు తగిలి ఆమె చెయ్యి విరిగింది. అప్పట్నుంచి తాతారావు ఆమెను ఆఫీసు దగ్గర దింపడం, తిరిగి తీసుకురావడం తప్ప ఇంకెక్కడికీ కదలనివ్వడం లేదు.

"ఎంత సెప్పినా ఇనదండీ," అన్నాడతను. "పడితే ఏటి సేస్తాం?"

నాగలత చెయ్యి చాచి నన్ను వెతుక్కుంది. నా పక్కన కూర్చుని బెల్టు ఈ చివర నుంచి ఆ చివరిదాకా, కమ్మీలు, మోటారు మూత, అన్నీ చేత్తో తడిమి చూసింది. నన్ను కొన్నాయన కూడా నన్నంత శ్రద్ధగా చూడలేదు. ఉమాపతి గారు నా ఎర్రతాడు కొక్కేన్ని ఆమె చున్నీకి తగిలించి, "జారినా ఈ తాడు ఊడి మిషను ఆగిపోతుందమ్మా," అన్నారు. ఆమె ఎక్కింది. ఒక చెయ్యి హైమవతి గారు, ఇంకో చెయ్యి తాతారావు పట్టుకున్నారు. నేను మెల్లగా కదిలాను.

"ఇంక వదలండి," అంది నాగలత.

ఎవరూ వదల్లేదు.

"అన్నయ్యా, పడితే లేస్తాను. ఒక్కసారి వదులు."

ముందు హైమవతి గారు వదిలారు. తాతారావు ఒక్కో వేలే తీశాడు. నాగలత నడిచింది. ఆమెకు బండ్ల భయం లేదు, గోతుల భయం లేదు, చెయ్యి పట్టుకుని లాగే తొందర లేదు. నేను బతుకులో ఎప్పుడూ అంత జాగ్రత్తగా తిరగలేదు. కాసేపటికి ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"అంకుల్, ఇంకాస్త జోరు పెంచండి!"

ఉమాపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. హైమవతి గారు లోపలికెళ్ళి అద్దానికున్న బొట్టుబిళ్ళలు తెచ్చి, మొదలయ్యే మీటకు ఒకటి, ఆగే మీటకు రెండు అంటించి, నాగలత వేలు పట్టుకుని వాటి మీద ఆనించారు.

"మీకెలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదాంటీ."

"మాకు చెప్తావేమిటమ్మా! ఇన్నాళ్ళూ దీన్ని ఊరికే నిలబెట్టాం. నువ్వే దీనికి పని చూపించావు."

ఆవిడ నోట ఆ మాట విన్నాక ఆ ఇంటి మీద నాకు మిగిలింది కృతజ్ఞతే.

గోపాలపట్నంలో నాకు రోజూ పని. మొదట్లో తాతారావు, ఎక్కడ పడుతుందోనని రెండు చేతులూ చాచి వెనకే నిలబడేవాడు. తర్వాత కుర్చీ వేసుకున్నాడు. ఆ తర్వాత ఆమె నడక పరుగైంది, అతను తన పని చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం నాగలత అతన్ని పిలిచింది.

"అన్నయ్యా, బీచ్ రోడ్డులో పరుగుందట. చూపున్నవాళ్ళు తోడొస్తే నన్నూ పరిగెత్తనిస్తారట. వస్తావా?"

"నానా? పరుగా?" అన్నాడు తాతారావు.

"ఇద్దరం చెరో కొస పట్టుకుని పరిగెత్తడానికి ఒక తాడిస్తారట. రెండో కొస నువ్వు పట్టుకో, చాలు."

ఆదివారం తెల్లవారుతుండగా ఇద్దరూ వెళ్ళారు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆమె వెళ్ళిన దారిలో గోతులుంటాయి, జనం ఉంటారు. వాటిని నేను ఆపలేను. పొద్దెక్కేదాకా వాకిలి వైపే చెవి పెట్టుకుని ఉన్నాను.

తలుపు తోసుకుని ముందు నాగలతే వచ్చింది. వెనకాల తాతారావు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, కుర్చీ దాకా కూడా వెళ్ళలేక నా బెల్టు మీద కూలబడ్డాడు.

"ఒసే, నిన్ను నాను తీసుకెళ్ళానో, నువ్వే నన్నీడ్సుకెళ్ళావో తెల్దే! కాస్త మెల్లగా పరిగెట్టొచ్చు కదే!"

అలసిన ఆ మనిషి బరువు నాకెంతో హాయిగా ఉంది. అక్కర్లేదనుకున్నప్పుడు నన్ను పారెయ్యకుండా ఇచ్చినవాళ్ళకూ, కావాలని మొహమాటం లేకుండా అడిగిన ఈ పిల్లకూ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నాగలత అతనికి మంచినీళ్ళు అందించి, తాగేదాకా ఆగి, భుజం తట్టింది.

"ఇంక లే అన్నయ్యా. నేనింకాసేపు నడవాలి."