పిల్లి బరువు

"డబ్బాలో చూడు, ఏదో ఒకటి ఉంటుంది."

మా ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా మా అత్తగారు వెంకాయమ్మ మొదట అనే మాట ఇది. ఎవరికైనా అన్నానా? కాదులెండి, అబద్ధమెందుకు. మా ఆయన వీరాంజనేయులుకి మోకాలు నొప్పి వస్తే గుంటూరు నుంచి వచ్చే ఎముకల డాక్టరు చూస్తారు. అత్తగారి బీపీకి నెలనెలా పరీక్షలు. మా అమ్మాయి బిందు హాస్టల్ నుంచి దగ్గుతూ ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు బయల్దేరతారు. వాళ్ళకి నయమయ్యాక మిగిలిపోయిన మాత్రలన్నీ పాత బిస్కెట్ల డబ్బాలోకి చేరతాయి. ఆ డబ్బా నాది. నాకు జ్వరమొస్తే బిందు మాత్ర, నాకు నడుం పట్టేస్తే ఆయన మోకాలి మాత్ర. "కొన్నవి పారేస్తామా?" అంటారు అత్తగారు. పెళ్ళయిన కొత్తల్లో, ఇది నాకు పడుతుందా అని ఒకసారి అడిగాను. "ఎవరి ఒళ్ళయినా ఒళ్ళే, నీదేమన్నా బంగారమా?" అని నవ్వారు ఆయన. నేనూ నవ్వాను. ఆ తర్వాత అడగలేదు.

రేపల్లెలో మాకు వలల దుకాణం ఉంది. నిజాంపట్నం పడవల వాళ్ళు వచ్చి వలలు, తాళ్ళు కొనుక్కుంటారు. పొద్దున్నే వంట, అత్తగారి స్నానం, బట్టలు, ఆపైన సాయంత్రం దాకా కౌంటర్లో నేనే. బోర్డు మీద ఆయన పేరుంది. ఎవరన్నా అడిగితే, "మా ఆవిడకి ఇంట్లో పొద్దుపోక వచ్చి కూర్చుంటుంది" అని చెబుతారు. పొద్దుపోక ఆ వలల కట్టలు ఎత్తీ ఎత్తీ నా నడుం పోయింది. కొన్ని నెలలుగా రోజూ ఆయన నొప్పి మాత్రే వేసుకుంటున్నాను, టిఫిన్ తినే తీరిక లేక పరగడుపునే. కడుపులో మంట. మెట్లెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. ఆ మాట ఆయనతో చెబితే, "కూర్చునే పనికి నీరసమేంటి?" అన్నారు. నిజమే కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఇక చుక్క. చేపల బుట్టల వెంటబడి దుకాణం దాకా వచ్చి, నా ఒళ్ళో తిష్ఠ వేసిన పిల్లి. తెల్లటి ఒళ్ళు, నుదుటి మీద నల్ల మచ్చ. నేను ఇంట్లోకి వస్తే లేచి ఎదురొచ్చేది అదొక్కతే. ఆ రోజు పొద్దున అది తుమ్ముతూ మూలన పడుకుంది, చేప ముక్క ముట్టలేదు. నేను దుకాణానికి వెళ్ళాక అత్తగారు డబ్బా తీసి, జ్వరం మాత్ర అర ముక్క నూరి, పాలల్లో కలిపి, బిందు చిన్నప్పటి ఉగ్గుగిన్నెతో తాగించారట. మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి, "చంటిపిల్లలాగా మింగిందమ్మాయ్" అని మురిసిపోతూ చెప్పారు. నేను చుక్క దగ్గరికి వెళ్ళి చూశాను. మొహం ఉబ్బిపోయింది. రొప్పుతోంది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు పాత చింతపండు రంగులో ఉన్నాయి.

"మనిషికి పడింది పిల్లికి పడదా?" అని అత్తగారు నా మొహంలోకి చూస్తూ అడిగారు. పాపం, కావాలని చేసిందేమీ కాదు.

ఆయనకి ఫోన్ చేసి తెనాలి తీసుకెళుతున్నానని చెప్పాను. "పిల్లికి డాక్టరేంటి శకుంతలా, నలుగురూ నవ్వుతారు. షాపులో ఎవరు కూర్చుంటారు?"

"బోర్డు మీద పేరున్నవాళ్ళు," అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

కూరగాయల బుట్టలో పాత చీర పరిచి చుక్కని పడుకోబెట్టుకుని బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ బుట్టలోకి తొంగి చూసింది. "పిల్లి ఎదురొస్తేనే పని కాదంటారు, నువ్వు ఒళ్ళో పెట్టుకుని పోతున్నావేంటి తల్లీ?"

"నా పనే ఇది పిన్నిగారూ," అన్నాను. భట్టిప్రోలు దాటేసరికి దాని ఊపిరి వినడం తప్ప నాకు ఇంకో ధ్యాస లేదు.

తెనాలిలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే డాక్టర్ తనూజ చుక్క నోరు చూడగానే వరుసలో ఉన్నవాళ్ళని ఆపి మమ్మల్ని లోపలికి రమ్మంది. నేనింకా నోరు విప్పలేదు. "జ్వరం మాత్ర పెట్టారా అమ్మా?" అని అడిగింది. ఒక పిల్లి చిగుళ్ళ రంగులో ఈ డాక్టరమ్మాయి మా ఇంటి డబ్బాని చూసేసింది.

"తూకం ఎక్కండి," అంది.

"నేనా?"

"అదొక్కతే కదలకుండా నిలబడదు కదండీ. దాన్ని ఎత్తుకుని ఒకసారి, అది లేకుండా ఒకసారి."

ఎత్తుకుని ఎక్కాను. దాన్ని ఆవిడ చేతికిచ్చి మళ్ళీ ఎక్కాను. "మీరు నలభై ఆరు. తీసేస్తే ఇది మూడుంపావు," అని చుక్క బరువు రాసుకుంది. నా బరువు ఎవరికీ అక్కర్లేక గాల్లోనే మిగిలిపోయింది. కాన్పు రోజుల తర్వాత నన్ను ఎవరూ తూయలేదు. అప్పుడు కూడా ఆ లెక్కంతా లోపలున్న బిందు గురించే. అందుకని ఆ నలభై ఆరుని నేనే మనసులో పెట్టుకున్నాను.

చుక్క కాలికి సన్నటి సూది గుచ్చి మందు ఎక్కిస్తూ డాక్టరు చెప్పింది. మన కాలేయం ఈ మాత్రని విరగ్గొట్టి బయటికి పంపించేస్తుందట. పిల్లి కాలేయానికి ఆ పని సరిగా చేతకాదట. విరగని మందు రక్తాన్ని పాడుచేస్తే చిగుళ్ళు ఆ రంగుకి తిరుగుతాయట. "విరుగుడు మనుషులకి ఇచ్చేదే. కాకపోతే ఈ మూడుంపావుకి లెక్కగట్టి ఇవ్వాలి."

"మా అత్తగారు ప్రేమగానే పెట్టారండి."

"తెలుసమ్మా. ప్రేమ లేనివాళ్ళు మాత్రయినా పెట్టరుగా. కానీ మందు ఎంచుకోవాలంటే ఎవరి ఒళ్ళో తెలియాలి."

అక్కడే బల్ల పక్కన కూర్చుని మందుల అర వైపు చూశాను. ఒక పెట్టె మీద కుక్క బొమ్మ, దాని కింద ఎంత బరువు కుక్కకో రాసి ఉంది. అది ఒంటికి పట్టి నెత్తురు పీల్చే గోమార్లకి మందు, కుక్కకి మెడ మీద వేస్తారు, అదే పిల్లికి వేస్తే ప్రాణం పోవచ్చునట. నులిపురుగుల మందులోనూ కుక్కపిల్లకి వేరు, ముసలి కుక్కకి వేరు, కడుపుతో ఉన్నదానికి వేరు. చూస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. బజార్లో తిరిగే పిల్లి కాలేయం గురించి ఎవరో ఎక్కడో కూర్చుని ఆలోచించారు. నోరులేని దాని కడుపులో ఏం జరుగుతుందో కనిపెట్టి, దీనికి ఇది పడదు అని రాసిపెట్టారు. ఇంత లోకం ఉందా, నాకు తెలియకుండా? వంటింట్లో గరిటెలు కడిగీ కడిగీ ఎంత సృష్టిని చూడకుండా ఉండిపోయానో అనిపించింది. ఏడుపొచ్చింది, కానీ బాధతో కాదు.

తర్వాత దుగ్గిరాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన కుంటుతున్న కుక్కని తీసుకుని లోపలికొచ్చాడు. "నేను వేసుకునే నొప్పి మాత్రే పెట్టానమ్మా, కొన్నాళ్ళుగా."

"తిండి తగ్గించిందా? దొడ్డికి నల్లగా పోతోందా, తారులాగా?"

"అవునమ్మా. మీకెలా తెలుసు?"

"కడుపులో పుండు పడి నెత్తురు కారుతోంది. లోపల కారిన నెత్తురే అలా నల్లగా వస్తుంది." కుక్క కింది రెప్ప లాగి చూసింది. "చూడండి, ఎలా పాలిపోయిందో. ముందు కడుపు మానాలి. నొప్పికి కుక్కల కోసమే చేసిన మందుంది, అది తర్వాత, దాని బరువుని బట్టి, అదీ తిండి తిన్నాకే."

నా చేయి చుక్క వీపు మీద ఆగిపోయింది. నల్లగా, తారులాగా. కొన్ని వారాలుగా నేను చూస్తున్నదీ అదే. ఇలాంటివి ఆడది పైకి చెప్పుకుంటుందా అని నీళ్ళు పోసేసి వచ్చి కౌంటర్లో కూర్చున్నాను.

పెద్దాయన వెళ్ళాక అడిగాను. "మేడమ్, మనుషులకీ అంతేనాండీ?"

"ఎవరికి?"

"మా ఇంట్లో ఒకరికి."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "నేను జంతువుల డాక్టర్నమ్మా, మనుషులకి మందు రాయకూడదు. కానీ ఆ ఒకరిని ఇవాళే డాక్టరుకి చూపించండి. ఆ మాత్ర ఇక ముట్టొద్దని చెప్పండి."

పొద్దువాలేసరికి చుక్క చిగుళ్ళు లేత జామపండు లోపలి రంగుకి తిరిగాయి. ఆ గులాబీ రంగుని ఎంతసేపు చూశానో. ఈ రాత్రికి ఇక్కడే ఉంచాలి, గండం గడిచినట్టే ఉంది అంది డాక్టరు. బయటికొస్తుంటే ఆయన ఫోన్.

"ఏమైంది?"

"బతికేట్టుంది."

"సరే, బస్సెక్కు. అమ్మకి అన్నం పెట్టాలి."

"గిన్నెలో ఉంది, మీరు పెట్టండి. నేను రేపొస్తాను. డాక్టరుకి చూపించుకోవాలి."

"ఎవరికి?"

"నాకు."

"నీకేమైంది?" నిజంగానే ఆశ్చర్యపోయారు.

"అదే కనుక్కుందామని," అన్నాను.

ఆ వీధి చివర్లోనే కడుపు జబ్బుల ఆస్పత్రి ఉంది. అత్తగారితో, ఆయనతో, బిందుతో ఇలాంటి కౌంటర్ల ముందు చాలాసార్లు నిలబడ్డాను. చీటీ రాసే అమ్మాయి తలెత్తి, "పేషెంట్ ఏరమ్మా?" అని అడిగింది. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

"నేనేనండి."

పేరు అడిగింది, చెప్పాను. వయసు అడిగింది, చెప్పాను. "బరువెంతో తెలుసా?" అంది, తెలిసుండదులే అన్నట్టు.

"తెలుసండి," అన్నాను. "పిల్లిని తీసేస్తే, నలభై ఆరు."