చిన్నకోడలి గిన్నె

మ్యూజియంలో విరిగిన పాత్రలు అతికించే గదిలో రెండు బల్లలుండేవి. కిటికీ దగ్గరిది పెద్దకోడలిది, తలుపు దగ్గరిది ఆమె తోడికోడలిది. ఇంట్లో ఊరికే కూర్చున్న చిన్నకోడల్ని వెంటబెట్టుకొచ్చి, జిగురు కలపడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది పెద్దామే. అలాంటిది, ఇస్లాం తొలినాళ్ల గాజుపూత మట్టిగిన్నెను క్యూరేటరు నేరుగా తీసుకెళ్లి తలుపు దగ్గరి బల్ల మీద పెట్టేసరికి ఆమె చేతిలో పని వదిలేసి అటే చూసింది.

వెయ్యేళ్లు దాటిన గిన్నె. మీగడలాంటి తెల్లపూత మీద నీలిరంగు అరబ్బీ అక్షరాలు. ఎప్పుడో ఎవరో అతికించింది కాస్తా ఊడి, మళ్లీ ముక్కలైంది.

"మీకు చేతినిండా పనుంది కదమ్మా. పైగా ఈవిడ చెయ్యి తేలిక" అన్నాడు క్యూరేటరు.

ఆ రోజు భోజనాల దగ్గర మరిది ఒకటే మురిసిపోయాడు. "ఇంట్లో గిన్నెలు పగలగొట్టీ పగలగొట్టీ అతికించడం బాగా వంటబట్టిందిలే" అంది పెద్దకోడలు. అందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వేసరికి ఈమెకు ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు ముక్కలన్నీ టేపుతో నిలబడ్డాయి. తోడికోడలు బయటికెళ్లిన సమయం చూసి పెద్దకోడలు గిన్నె మీదికి వంగింది. అంచు దగ్గర ఒక ముక్క తేడాగా ఉంది. మిగతావాటి మట్టి లేత పసుపు, దీనిది ఎరుపు. అక్షరం తోక కూడా ఆ ముక్కలోకి రాగానే లావెక్కింది. పాత మరమ్మతులో వేరే గిన్నె ముక్క తెచ్చి ఇరికించారన్నమాట! ఆమె ప్రాణం లేచొచ్చింది. అతికించనీ. చూడవచ్చిన పండితుల్లో ఎవరో ఒకరు పట్టుకోకపోరు.

"అక్కా, ఒకసారి చూడవా? రేపు జిగురు పెట్టేస్తాను" అంది చిన్నకోడలు తిరిగొచ్చి.

"బ్రహ్మాండంగా ఉంది. కానివ్వు."

మర్నాడు వచ్చేసరికి ఆ ఎర్రముక్క పళ్లెంలో విడిగా పడుంది.

"అదేం, తీసేశావు?"

"నువ్వు బ్రహ్మాండమన్నావుగా అక్కా." చిన్నకోడలు తలెత్తలేదు. "నీ నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. అనుమానమొచ్చి మళ్లీ మొదట్నుంచీ చూసుకున్నా."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"ఆ ఖాళీ ప్లాస్టరుతో పూడ్చాలి. రంగు కలపడం నీ అంత బాగా నాకు రాదు. నువ్వే చెయ్యాలి."

చేసింది. తనకు చేతనైనంత బాగా చేసింది.

ప్రదర్శన మొదలైన రోజు క్యూరేటరు చిన్నకోడల్ని ముందుకు పిలిచాడు. "పరాయి ముక్కని పట్టుకుంది మా అక్క. ఆ ఖాళీ పూడ్చిందీ తనే. నేను అతికించానంతే" అందామె. అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత మంచి మనసమ్మా నీది!" అని క్యూరేటరు మెచ్చుకున్నది మాత్రం చిన్నకోడల్నే.

"అలా ఎందుకు చెప్పావు?" అడిగింది పెద్దకోడలు ఇంటికెళ్లే బస్సులో.

"ఇంకేం చెప్పమంటావక్కా?"

పెద్దకోడలు కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆ మంచిపేరు కూడా దానికే దక్కింది. దక్కాల్సిందే అని తెలుసు. తెలిసీ, దిగాల్సిన చోటు వచ్చేదాకా కుళ్లుకుంటూనే ఉంది.