సుమిత్రకు వేసిన కుర్చీ

విజయనగరం నుంచి వచ్చి చిలకలగూడలో టిఫిన్ సెంటర్ పెట్టుకుంది లోవమ్మ. ఆమె పెసరట్టుకు ఆ వీధిలో మంచి పేరుంది.

ఈమధ్య సుమిత్ర అనే ఆమె రోజూ పొద్దున్నే వస్తోంది. సుమిత్ర ట్రాన్స్‌జెండర్ మహిళ. స్టేషన్ దగ్గర ఒక మాల్‌లో సెక్యూరిటీ ఉద్యోగం కొత్తగా దొరికింది. పార్శిల్ కట్టించుకుని, ఎదురుగా కరెంటు స్తంభం పక్కన నిలబడి తిని వెళ్లిపోయేది.

ఒక ఆదివారం వాన పడుతుంటే లోవమ్మ ఉండబట్టలేక పిలిచింది.

"లోపలికొచ్చి కూకోమ్మా. వానలో ఆ తిండేటి?"

"వద్దమ్మా. నేను కూసుంటే పక్కోళ్లు లేస్తరు. నీ గిరాకీ ఖరాబైతది."

"నా గిరాకీ సంగతి నాను చూసుకుంటాను. రా."

సుమిత్ర బెరుకుగా వచ్చి గోడవార కుర్చీలో కూర్చుంది. పక్క టేబుల్ దగ్గర, రోజూ వచ్చే సత్యదేవ్ ప్లేటు పక్కకు నెట్టాడు.

"ఏందీ లోవమ్మా, గిసొంటోళ్లను కూసోబెడితే ఫ్యామిలీలు వస్తయా? బయటికి పంపు."

సుమిత్ర అప్పటికే లేచి నిలబడింది. సత్యదేవ్ వెంట నలుగురొస్తారు, అతను మానేస్తే నలుగురూ మానేస్తారు. కానీ లోవమ్మకు తన తల్లి గుర్తొచ్చింది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు కంచం పెట్టి, ఊరూ పేరూ తర్వాత అడిగేది. ఆకలితో వచ్చినవాళ్లను కంచం ముందు నుంచి లేపకూడదని పిల్లలకు మరీమరీ చెప్పేది.

"ఆ పిల్ల లేవదు బాబూ," అంది లోవమ్మ. "మాయమ్మ నాకలా నేర్పలేదు."

కౌంటర్లో ఉన్న కూతురు భానుప్రియ లేచి వచ్చింది. లా చదువుతోంది.

"అంకుల్, అది అమ్మమ్మ మాటే కాదు. రాజ్యాంగంలోనూ ఉంది, పదిహేనో ఆర్టికల్. కులం, మతం, లింగం చూసి హోటల్లోకి ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదు. ఆమెకు మీతో సమానంగా కూర్చునే హక్కుంది."

సత్యదేవ్ డబ్బులు పెట్టేసి వెళ్లిపోయాడు. మిగతావాళ్లెవరూ లేవలేదు.

లోవమ్మ వేడివేడి పెసరట్టు, అల్లం చట్నీ తెచ్చి సుమిత్ర ముందు పెట్టింది. సుమిత్ర కళ్లు తుడుచుకుంది.

"ఇల్లు ఇడిచిపెట్టినంక నన్ను గిట్ల కూసోబెట్టి పెట్టినోళ్లు లేరమ్మా. నీ మేలు మర్చిపోను."

"ముందు తిను. చల్లారిపోతాది."

రద్దీ తగ్గాక లోవమ్మ కూతురి పక్కన కూలబడింది.

"మాయమ్మకి అక్షరమ్ముక్క రాదు కదే. ఆవిడ మాట ఆ పుస్తకంలోకి ఎలా ఎల్లింది?"

భానుప్రియ నవ్వింది. "ఆ పుస్తకం రాసినవాళ్లలో కులం పేరుతో గుమ్మం బయట నిలబడాల్సి వచ్చినవాళ్లు ఉన్నారమ్మా. వాళ్లకి తెలుసు."

లోవమ్మ ఎంగిలి ప్లేట్లు తీయడానికి లేచింది. తల్లి మాట ఒక్కటే అయితే సత్యదేవ్ ముందు తాను చివరిదాకా నిలబడగలిగేదా? ముఖాలు తెలియని ఆ మనుషులకు మనసులోనే దండం పెట్టుకుంది.

సత్యదేవ్ చాన్నాళ్లు రాలేదు. తర్వాత ఒక పొద్దున వచ్చి, సుమిత్రకు కాస్త ఎడంగా కూర్చుని ఇడ్లీ చెప్పాడు. ఆమె వైపు చూడలేదు. లేచిపోనూ లేదు. సుమిత్ర ఆ రోజు తన స్నేహితురాలు గ్లోరియాను కూడా వెంటబెట్టుకొచ్చింది. లోవమ్మ ఇద్దరికీ ఉల్లిపాయ దండిగా వేసి పెసరట్లు పోసింది.