దారంలోంచి వచ్చిన శబ్దం

మూడో తరగతి గంగాదేవికి చదువు రాదని తేల్చింది నేనే. టీచరుగా ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. పిల్లల మొహం చూసి చెప్పేస్తానని గర్వం కూడా. ఆ పిల్ల పిలిస్తే పలకదు, లెక్క అడిగితే కిటికీలోంచి వన్ టౌన్ తోపుడుబళ్ళను చూస్తుంది. వాళ్ళమ్మ గంగారత్నం చేపలమ్ముకుంటుంది. శుక్రవారం పొద్దున వచ్చి, చదువు అబ్బదంటే సోమవారం నుంచి తనతోపాటు చేపలబుట్ట దగ్గర కూర్చోబెట్టుకుంటానంది. సరేనన్నాను.

ఆ మధ్యాహ్నం మూడో తరగతికి శబ్దం పాఠం. మాకు కొత్తగా వచ్చిన వినీల టీచరు చెబుతోంది. ఒకే హాల్లో రెండు తరగతులు కాబట్టి నాకూ వినక తప్పలేదు. గిన్నెకు ప్లాస్టిక్ కవరు బిగించి, పైన రవ్వ చల్లి, పక్కనే పళ్ళెం మోగించింది. రవ్వ గంతులేసింది. వస్తువు వణికితే శబ్దం పుడుతుందనీ, ఆ వణుకు గాలిలోనే కాదు, దారంలోనూ ఎముకలోనూ నడుస్తుందనీ చెప్పింది. బంగారంలాంటి రవ్వ నేలపాలని నేను లోలోపల సణుక్కున్నాను.

తర్వాత దారం మధ్యలో స్టీలు స్పూను కట్టింది. దారం రెండు కొసలూ పిల్లల చూపుడువేళ్ళకు చుట్టి, ఆ వేళ్ళు చెవుల్లో పెట్టుకోమంది. స్పూను బల్లకు తగిలితే మాకు వినిపించేది చిన్న ‘ఠంగ్’. వేళ్ళు పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఉలిక్కిపడి నవ్వుతున్నారు. గంగాదేవి వంతు వస్తే, దానికెందుకమ్మా టైము వేస్టు అన్నాను. వినీల వినిపించుకోలేదు.

స్పూను తగలగానే ఆ పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. గంగమ్మ గుడి గంట అంది. మళ్ళీ కొట్టమంది. అయిదుసార్లు కొట్టించుకుంది.

వినీల దారం విప్పేసి, మెల్లగా పిల్ల వెనక్కి వెళ్ళి పేరు పెట్టి పిలిచింది. పిల్ల తిరగలేదు. అప్పుడు నా దగ్గరకొచ్చి, "గాల్లో వచ్చేది అందట్లేదండీ, ఎముకలోంచి వెళ్ళేది అందుతోంది. లోపల చెవి బాగానే ఉన్నట్టుంది. దారిలోనే ఏదో అడ్డుంది" అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే నీతో అని ఆ పిల్లను ఎన్నిసార్లు విసుక్కున్నానో. చెవి చూపించాలని ఒక్కసారి తట్టలేదు. నా వయసులో సగం లేని వినీలకు స్పూనుతో తట్టింది. సిగ్గేసింది, అంతకు మించి ఆ అమ్మాయికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ సాయంత్రమే వినీల తల్లినీ పిల్లనూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గంగారత్నం ప్రతి ఆదివారం తలంటాక, చెవికి మంచిదని వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేసేదట. ఏళ్ళ తరబడి గులిమి దాంతో కలిసి గట్టిపడి, రెండు చెవులూ మూసుకుపోయాయి. నాలుగు రోజులు మందు వేసి, ఆపైన డాక్టరు కడిగి తీశాడు. బుట్ట దగ్గర కూర్చోబెట్టే మాట మళ్ళీ రాలేదు.

మరుసటి వారం శనివారం గంగాదేవి బడికొచ్చింది. నేను అలవాటుకొద్దీ గొంతు పెంచి ఏడో ఎక్కం చెప్పమన్నాను.

పిల్ల లేచి, రెండు చెవులూ చేతులతో కప్పుకుంది.

"అరవమాకండి టీచర్, ఇనపడతంది."